అమ్మ చేతిలో కెమెరా, బెంగుళూరులో గురువు



ఈ రోజుల్లో వీడియో తియ్యని ఇల్లంటూ లేదు కదండీ! పిల్లవాడు బోర్లాపడితే వీడియో, గారె గుండ్రంగా పొంగితే వీడియో, ఇక పెళ్ళిళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. తియ్యడమైతే తీస్తాంగాని, తీసినదాన్ని కూర్చుని రెండోసారి చూసేవాళ్ళు ఎంతమందంటారు? ఫోను నిండిపోయిందని అబ్బాయి కేకలేసినప్పుడు తీసిపారేస్తాం, అంతే. ఇవాళ నేను చెప్పబోయేది, తీసిన వీడియోను ఆపి ఆపి, వెనక్కి తిప్పి, చీమ నడకలా నెమ్మదిగా నడిపి చూసే విద్య గురించి. అలా చూస్తూ, రాత్రంతా రైల్లో కూర్చుంటేగాని చేరలేనంత దూరంలో ఉన్న గురువు ఒక పిల్లకి ఆట నేర్పుతున్న వైనం గురించి.

ఆట పేరు పూల్. పూలూ కాదు, ఈతకొలనూ కాదు. తొమ్మిదడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు ఉన్న బల్ల. దానిమీద బిగించి పరిచిన గుడ్డ, చుట్టూ రబ్బరు గట్లు, నాలుగు మూలలా నాలుగు, పొడుగు గట్ల మధ్య రెండు, మొత్తం ఆరు పాకెట్లు. నెంబర్లు వేసిన బంతులు పదిహేను, ఏ నెంబరూ లేని తెల్లబంతి ఒకటి. మనందరికీ తెలిసిన క్యారమ్స్‌ని తలుచుకోండి. అక్కడ స్ట్రైకరు, ఇక్కడ తెల్లబంతి. స్ట్రైకరు పడితే తప్పు కదా, తెల్లబంతి పడినా తప్పే. కాకపోతే వేలితో కొట్టరు, పొడుగాటి కర్రతో పొడుస్తారు. ఆ కర్రను క్యూ అంటారు. రేషనుషాపు ముందు నిలబడే క్యూ కాదు సుమండీ! ఇంకో పెద్ద తేడా ఉంది. క్యారమ్స్‌లో స్ట్రైకరు మళ్ళీ మన చేతికొస్తుంది, గీతమీద మనకి నచ్చినచోట పెట్టుకుంటాం. ఇక్కడ తెల్లబంతి ఎక్కడ ఆగితే అక్కణ్ణించే కొట్టాలి. అంచేత బంతిని పాకెట్లో వెయ్యడం ఒక్కటే కాదు, తరవాతి బంతికి అనువైన చోట తెల్లబంతి ఆగేలా వెయ్యాలి. అదీ అసలు ఆట.

బిలియర్డ్స్, స్నూకర్ దీనికి పెద్దక్కలు. వాటి బల్ల పన్నెండడుగులుంటుంది. స్నూకర్ అయితే 1875లో మన జబల్పూరులోనే, ఇంగ్లీషు సైనికాధికారుల మెస్సులో పుట్టిందని చెబుతారు. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచిన దగ్గర్నుంచి ఈ ఆటల్లో మనవాళ్ళకి మంచి పేరే ఉంది. ఆడవాళ్ళ మాటకొస్తే, అమెరికాలో పూల్ ఆడే స్త్రీలు 1976లో సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు. మొన్న 2025లో మన చెన్నై అమ్మాయి అనుపమా రామచంద్రన్ దోహాలో ప్రపంచ మహిళల స్నూకర్ టైటిల్ తెచ్చింది. అయినా మన పట్నాల్లో పూల్ అనగానే పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది సిగరెట్టు పొగ, సాయంత్రం పూట కుర్రకారు. ఆ మాట పూర్తిగా అబద్ధమనీ అనలేం.

మా అక్కయ్యావాళ్ళది గోదావరి ఒడ్డున ఒక పట్నం. బావగారు అక్కడి క్లబ్బులో మెంబరు. వాళ్ళమ్మాయి డిగ్రీ చదివే రోజుల్లో సరదాకి కర్ర పట్టుకుంది. చెయ్యి కుదిరింది. ఏడాది తిరిగేసరికి క్లబ్బులో మగపిల్లలతో సమంగా ఆడసాగింది. అక్కడితో ఆగిపోయింది. నేర్పేవాళ్ళు లేరని కాదండీ, నేర్పేవాళ్ళు ఎక్కువైపోయారు. ఒకాయన మోచెయ్యి పైకెత్తమంటాడు, ఇంకొకాయన దించమంటాడు. కాళ్ళు దగ్గరగా పెట్టమని ఒకరు, దూరంగా పెట్టమని ఒకరు. ఈ ఆట ఆడాలంటే బల్లమీదికి బాగా వంగాలి, గడ్డం కర్రకి తగిలేటంత. ఆడపిల్ల అలా వంగినప్పుడు వెనకాల నిలబడి సలహా చెప్పేవాళ్ళందరి చూపూ కర్రమీదే ఉంటుందని నమ్మడానికి మా అక్కయ్య అంత అమాయకురాలు కాదు. పిల్లకీ విసుగొచ్చింది. మానేస్తానంది. బావగారు కూడా, ఎలాగూ బ్యాంకు పరీక్షలున్నాయి, మంచిదే అన్నారు.

అప్పుడు దొరికాడు బెంగుళూరు కోచ్. రాష్ట్రపోటీల్లో ఎవరో పరిచయం చేశారు. ఆయనకి తెలుగు వచ్చు. బెంగుళూరులో తెలుగు వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారులెండి. ఇక్కడికి ఆయన రాలేడు, అక్కడ పిల్లని పెట్టి చదివించే స్తోమతు వీళ్ళకి లేదు. "వీడియోలు పంపండి, చూసి చెబుతాను. నెలకింత ఫీజు" అన్నాడు. బావగారు నవ్వారు. వీడియో చూసి ఆట నేర్పడమంటే ఫొటో చూసి మందివ్వడంలాంటిది కాదా అని ఆయన వాదన. సరే, సంక్రాంతి దాకా చూద్దాం, తరవాత పుస్తకాలు పట్టాల్సిందే అని గడువు పెట్టారు. అది దసరా వెళ్ళిన మర్నాటి మాట.

పొద్దున్న ఆరింటికి క్లబ్బులో ఊడ్చే మనిషీ, బల్లలు చూసుకునే మార్కరూ తప్ప ఎవరూ ఉండరు. తల్లీకూతుళ్ళు ఆ వేళకి వెళ్ళేవారు. వీడియో తీసే పని మా అక్కయ్యది. ఆవిడకి ఆట రాదు, బంతుల నెంబర్లు కూడా అప్పటికి తెలీవు. అదే మంచిదయింది, ఎందుకో తరవాత చెబుతాను.

కోచ్ మొదట అడిగినది ఆట కాదు, ఒకే ఒక్క దెబ్బ. తెల్లబంతీ, రంగుబంతీ, మూల పాకెట్టూ మూడూ ఒకే గీతలో ఉండాలి. తిన్నగా కొట్టాలి. రంగుబంతి పాకెట్లో పడాలి, తెల్లబంతి దాని చోటుకొచ్చి ఠక్కున ఆగిపోవాలి. వినడానికి ఎంత సులువు! తెల్లబంతి నడుమ కాక కాస్త పక్కన తగిలిందా, అది ఆగకుండా అక్కడే గిరగిర తిరుగుతుంది, లేకపోతే పక్కకి జారుతుంది. బంతి వెళ్ళే దారి ఒక్క డిగ్రీ తప్పితే మీటరు దూరం వెళ్ళేసరికి పావుతక్కువ రెండు సెంటీమీటర్ల తేడా వస్తుంది. తెల్లబంతిలో వచ్చిన ఆ తప్పు రంగుబంతి దగ్గరికి వచ్చేసరికి ఇంకా పెద్దదవుతుంది.

ఆ దెబ్బ పదిసార్లు కొట్టాలి, పదిసార్లూ బంతులు అదే చోట ఉండాలి. చోటు గుర్తు ఎలా? మా అక్కయ్య హేండుబ్యాగులోంచి స్టిక్కరు బొట్లు తీసింది, అతి చిన్నవి. బల్లమీద రెండు బొట్లు, బొట్టుమీద బంతి. గుడ్డకి జిగురంటుతుందని మార్కరు మొదట గొడవపెట్టాడు. ఒక మూల అంటించి, తీసి చూపించాక ఊరుకున్నాడు.

ఇక ఫోను ఎక్కడ పెట్టాలన్నది పెద్ద విద్య. మొదటిది, పిల్లకి ఎదురుగా, ఆ మూల పాకెట్టు వెనకాల, కర్ర ఎత్తులో. అక్కణ్ణించి చూస్తే కర్ర మనవైపే వస్తూ చుక్కలా కనిపిస్తుంది. అది వెనక్కీ ముందుకీ ఊగేటప్పుడు ఏమాత్రం పక్కకి వంకర తిరిగినా పట్టేయవచ్చు. గడ్డం కర్రమీద ఎక్కడుందో, కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలుస్తుంది. రెండోది, కర్ర పట్టిన చెయ్యివైపు పక్కనుంచి. మోచేతినుంచి కిందికి చెయ్యి నిలువుగా వేలాడుతోందా, కొట్టే క్షణంలో తల లేస్తోందా, చూపించేది అదీ. వెనకనుంచి తియ్యమని ఆయన అడగనే లేదు. అక్కయ్య పెట్టబోయే షరతు ఆయనే ముందు చెప్పేశాడు. అక్కడే ఆవిడకి నమ్మకం కుదిరిందనుకుంటాను. స్టూలుమీద స్టూలు, దానిమీద రెండు పాత టెలిఫోను డైరెక్టరీలు, వాటికి ఫోను ఆనించి తీశారు మొదట్లో. మరీ దగ్గరగా పెడితే అంచుల్లో గీతలు వంకరగా కనిపిస్తాయని ఆయన చెప్పాక బల్లకి రెండు బారల దూరం జరిపారు.

మొదటిరోజు మా పిల్ల పది కొడితే ఆరు పడ్డాయి. మా అక్కయ్య ఏం చేసిందో తెలుసా? పడ్డ ఆరూ పంపింది. తల్లి మనసు! పెళ్ళిచూపుల ఫొటోలు ఏరినట్టు ఏరింది. ఆయన ఒకే మాట పంపాడు: "అమ్మా, నాకు కావలసినవి ఆ మిగతా నాలుగూ." అప్పట్నుంచీ కోసేది లేదు, ఏరేది లేదు. ఫోను ఒకసారి నడపడం మొదలుపెడితే పదో దెబ్బ అయ్యేదాకా ఆపకూడదు. మధ్యలో పిల్ల విసుక్కున్నా, మార్కరు టీ తెచ్చినా అదీ వెళ్ళాలి.

ఆయన జవాబు మర్నాడు వచ్చేది. వీడియోని ఒకచోట ఆపి, బొమ్మమీద ఎర్రగీత గీసి, రెండు నిమిషాల మాట చెప్పి పంపేవాడు. బావగారు ఫీజుకి తగ్గట్టు పెద్ద జాబితా వస్తుందనుకున్నారు. వచ్చిందల్లా ఒక్క ముక్క: "కొట్టాక, తెల్లబంతి ఆగేదాకా కదలకు." అంతే! మోచెయ్యి సంగతి లేదు, కాళ్ళ సంగతి లేదు. మూడు వారాలు అదే. నేను ఫోనులో అక్కయ్యని అడిగాను, ఇంతకీ ఆయనకి మిగతా తప్పులు కనపడలేదా అని. కనపడ్డాయట. పేపరుమీద పదకొండు రాసుకున్నాడట. ఒకటి సర్దుకుంటే దాంతోపాటు నాలుగు వాటంతటవే పోతాయి, అన్నీ ఒకేసారి చెబితే పిల్ల బల్ల దగ్గర ఆలోచిస్తూ నిలబడిపోతుంది అన్నాడట. నాకైతే ఆయన ఫీజులో సగం ఆ చెప్పకుండా ఊరుకున్న పదింటికే ఇవ్వవచ్చనిపించింది. మనలో ఎంతమందికి చేతనవునండీ, పదకొండు తప్పులు కనిపించినప్పుడు పది దాచుకోవడం!

పిల్లకి మాత్రం ఆ వారాలు కష్టంగా గడిచాయి. తనను తాను మొదటిసారి నెమ్మది వీడియోలో చూసుకుని ఏడ్చింది. కదలకుండానే కొడుతున్నానని ప్రమాణం చేసేది. వీడియోలో తల ఠపీమని పైకి లేస్తూ కనిపించేది. బంతి పడిందో లేదో చూడాలన్న ఆత్రం. కదలకుండా ఉండడం మొదలుపెట్టాక ఆరు కాస్తా నాలుగుకి దిగింది. పాత అలవాటు పోయింది, కొత్తది ఇంకా రాలేదు. "పిన్నీ, నాకు ఉన్నదికూడా పోయింది" అని ఒకరాత్రి ఫోను చేసింది. సంక్రాంతికి ఇంకా నెలన్నరుంది.

ఇక్కడే నేను ఇందాక దాచిన మాట. మా అక్కయ్యకి ఆట రాదన్నానా? ఆవిడ బంతిని చూడదు, పిల్ల మొహాన్ని చూస్తుంది. మధ్యాహ్నం పని ముగించుకుని, వీడియోలు ముందేసుకుని, పాలపద్దు రాసే పుస్తకంలో వెనకనుంచి లెక్క రాసేది. తప్పిన దెబ్బలన్నిట్లోనూ ఒకటి ఆవిడ కంటబడింది. కొట్టేముందు పిల్ల కింది పెదవి పళ్ళతో పట్టుకుంటోంది. పడ్డ వాటిలో లేదది. చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా అంతే చేసేదట. కోచ్‌కి మొహమాటపడుతూనే చెప్పింది. ఆయన పాత వీడియోలన్నీ మళ్ళీ చూసుకుని, "నేను చేతిని చూస్తున్నానమ్మా, పెదవి చూడలేదు" అన్నాడు. పెదవి బిగిస్తే దవడ బిగుస్తుంది, దవడతో మెడ, మెడతో భుజం, చివరికి కర్ర పట్టిన గుప్పిలి. గుప్పిలి బిగిస్తే కర్ర చివరి క్షణంలో పక్కకి తిరుగుతుంది. ఆ వారం పాఠం: నోరు కొంచెం తెరిచి ఉంచి కొట్టు. నవ్వకండి, అదే పాఠం.

ఆ చివరి క్షణమంటే ఎంతో తెలుసా? కర్ర మొన బంతికి ఆని ఉండేది సెకనులో వెయ్యోవంతు, కాస్త అటూ ఇటూ. మన ఫోను మామూలుగా సెకనుకి ముప్ఫై బొమ్మలు తీస్తుంది. నెమ్మది వీడియో పెడితే రెండు వందల నలభై. అంటే బొమ్మకీ బొమ్మకీ మధ్య వెయ్యింట నాలుగు వంతులు జారిపోతాయి. అసలు దెబ్బ ఆ సందులోనే జరిగిపోతుంది! అమెరికాలో కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పిన డేవిడ్ ఆల్సియటోర్ అనే ప్రొఫెసరుగారు ఇంతకన్న ఎన్నో రెట్లు వేగమైన కెమెరాలతో ఈ బంతుల్ని తీసి లెక్కలు కట్టాడు. మనకి అంత అక్కరలేదు. దెబ్బకి ముందు చెయ్యి ఏం చేసింది, తరవాత ఏం చేసింది, ఆ రెండూ కనిపిస్తే నడుమ ఏం జరిగిందో తెలిసినవాళ్ళు చెప్పగలరు. కోచ్ ఇంకో చిట్కా కూడా చెప్పాడు. తెల్లబంతి బదులు చారలున్న బంతిని పెట్టి, చార నిలువుగా నిలబెట్టి కొట్టమన్నాడు. నడుమ కొడితే చార తిన్నగా దొర్లుతుంది, పక్కన తగిలితే తాగినవాడిలా తూలుతుంది. చూడ్డానికి కెమెరాకూడా అక్కరలేదు.

వీడియోకి అందనివీ ఉన్నాయి. గుప్పిలి ఎంత బిగువుగా ఉందో చూసి ఊహించాల్సిందే, పట్టుకుని చూసే వీల్లేదు. అందుకని కార్తీకమాసం చివర తల్లీకూతుళ్ళు రెండురోజులు బెంగుళూరు వెళ్ళొచ్చారు. ఆయన తన చూపుడువేలు చాచి, కర్ర పట్టుకున్నట్టు పట్టుకోమన్నాడట. పట్టుకుంది. "కర్రకి నొప్పెడుతుంది" అన్నాడట. ఆ మెత్తదనం ఎంతో చేతికి తెలిశాకే వీడియోలో ఆయన చెప్పే మాటలు పిల్లకి అర్థమయ్యాయి. దూరాన్నుంచి నేర్చుకునేవాళ్ళు ఒక్కసారైనా గురువు దగ్గరికి వెళ్ళిరావాలని నేననేది అందుకే.

అక్కడే కంటి పరీక్ష కూడా చేశాడు. మీరూ ఇప్పుడే చేసుకోవచ్చు. రెండు కళ్ళూ తెరిచి, చెయ్యి చాచి, బొటనవేలూ చూపుడువేలూ కలిపిన సున్నాలోంచి ఎదురుగా గోడగడియారాన్ని చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. గడియారం సున్నాలోనే ఉంటే మీది కుడికన్ను వాటం. జారిపోతే ఎడమకన్ను. మా పిల్లది కుడిచెయ్యి, ఎడమకన్ను. కర్ర గడ్డం నడుమ పెట్టుకుంటే ఆమెకి గీత పక్కకి కనిపించేది. అర అంగుళం ఎడమకి జరిపారు.

ఆడపిల్లల వీడియోలు పరాయివాళ్ళకి పంపడమా అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. అనుకోవాలి కూడా. వీళ్ళు పెట్టుకున్న పద్ధతి చెబుతాను. వీడియోలు పిల్ల ఫోనునుంచి వెళ్ళవు, తల్లి ఫోనునుంచే వెళతాయి. ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూపులో తప్ప విడిగా మాటలుండవు. ఇంకో శిష్యుడికి చూపించాలన్నా, ఎక్కడన్నా పెట్టాలన్నా ముందు అడగాలి. వదులు చొక్కా, పాంటు. ఈ షరతులకి చిన్నబుచ్చుకునే కోచ్ అయితే ఇంకొకరిని వెతుక్కోవడమే మేలు.

సంక్రాంతి వచ్చింది. పదికి ఎనిమిది పడుతున్నాయి, ఒక్కోరోజు తొమ్మిది. బావగారు పుస్తకాల మాట ఎత్తలేదు, బాగుందనీ అనలేదు. కనుమనాడు మూడు నెలల ఫీజు కట్టి, బజారునుంచి ఒక మూడుకాళ్ళ స్టాండు తెచ్చి గుమ్మంలో పెట్టారు. టెలిఫోను డైరెక్టరీలు అటకెక్కాయి.

ఫిబ్రవరిలో పోటీలకి వెళ్ళింది. మొదటి మ్యాచి గెలిచింది, రెండోది ఓడింది. ఇద్దరూ సమంగా వచ్చిన ఆఖరి ఆటలో తన బంతులన్నీ అయిపోయి, చివర వెయ్యాల్సిన ఎనిమిదో నెంబరు నల్లబంతి ఒక్కటే మిగిలింది. అదీ తప్పింది. ఓడిన రాత్రి ఎవరికైనా ఆ నల్లబంతి ఒక్కటే కళ్ళల్లో తిరుగుతుంది. మా అక్కయ్య నిర్వాహకుల అనుమతి తీసుకుని గ్యాలరీలోంచి మొత్తం మ్యాచి తీసింది. కోచ్ ఆ నల్లబంతి దెబ్బ ఒక్కసారి చూసి వదిలేశాడు, అందులో ఏ తప్పూ లేదన్నాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి లెక్క రాయమని అక్కయ్యకి పని చెప్పాడు. పాలపద్దు పుస్తకం మళ్ళీ బయటికొచ్చింది. మొదటి మ్యాచిలో పిల్ల బల్ల చుట్టూ తిరిగి, కర్ర మొనకి సుద్ద రాసుకుని, నిలబడి చూసి, అప్పుడు వంగేది. ఆఖరి ఆటలో సుద్ద రాసుకోవడం మానేసింది, నడవడం మానేసింది. దెబ్బకి పట్టిన సమయం సగానికి సగం తగ్గిపోయింది. అంతమంది ముందు త్వరగా అయిపోతే బాగుండునని అనిపించిందని తరవాత తనే చెప్పింది.

ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి తీస్తున్న వీడియోల్లో బంతి పడిందా లేదా అన్నది కనిపించదు. మా అక్కయ్య స్టాండుని దూరంగా గోడవార పెట్టి, బల్ల చుట్టూ తిరిగే పిల్ల నడకనీ, సుద్ద రాసే చేతినీ తీస్తోంది. మార్కరుకి ఈ వరస బొత్తిగా అర్థం కాలేదు. "ఆట తియ్యరేంటమ్మా?" అని రోజూ అడుగుతున్నాడట.